దూదిమామకు వేలు తెగిన చరిత్ర

ఎనభైల మొదట్లో నేను సత్తెనపల్లిలో డ్రాయింగు మాష్టారుని. స్కూల్లో డ్రాయింగు పీరియడంటే లెక్కల మాష్టారు తన సిలబస్ పూర్తి చేసుకునే పీరియడు. అందువల్ల నాకు తీరిక ఎక్కువ. సాయంత్రాలు షాపులకు బోర్డులు రాసేవాణ్ణి, గోడల మీద బొమ్మలు వేసేవాణ్ణి.

బస్టాండు దగ్గర విత్తనాల షాపాయన ఒకరోజు నన్ను పిలిపించాడు.

"మాష్టారూ, పత్తి విత్తనాల సీజనొచ్చేసింది. రైతు బస్సు దిగీ దిగంగానే మన గోడ చూసి ఆగిపోవాలండీ. ఏదో ఒక బొమ్మ పడేయండి."

నా చిన్నతనంలో టూరింగు టాకీసులో అసలు సినిమాకు ముందు పాతకాలపు కార్టూన్ ముక్కలు వేసేవాళ్ళు. అన్నీ నలుపూ తెలుపే. రబ్బరు గొట్టాల్లాంటి కాళ్ళూ చేతులూ, తెల్లటి గ్లౌజులు, గుమ్మడికాయల్లాంటి బూట్లు, ముక్క కోసిన పుచ్చకాయలాంటి కంటిపాపలు. అలాంటిదొకటి సొంతంగా వెయ్యాలని నాకు ఎప్పటినుంచో కోరిక. విచ్చిన పత్తికాయను తలగా పెట్టి, దాని కింద ఆ గొట్టాల కాళ్ళూ చేతులూ తగిలించి, నడుం మీద చెయ్యి పెట్టించి ఎనిమిదడుగుల ఎత్తున నిలబెట్టాను. పేరు దూదిమామ.

షాపాయన అటు నుంచీ ఇటు నుంచీ చూసి, "చేతులకి ఆ తొడుగులేంటండీ?" అన్నాడు.

నేను నోరు తెరిచే లోపే గుమాస్తా అందుకున్నాడు. "చేలో పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకునేవండీ."

షాపాయనకు అది నచ్చింది. మా చుట్టుపక్కల మందు కొట్టేటప్పుడు చేతికి గుడ్డపేలికైనా చుట్టుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. అయినా ఊరుకున్నాను.

బొమ్మ జనానికి బాగానే పట్టింది. రైతులు ఆ షాపును 'దూదిమామ కొట్టు' అనడం మొదలుపెట్టారు. అది చూడలేక ఎదురుగా ఉన్న రెండో విత్తనాల షాపువాడు తన బోర్డు మీద 'మూడు తరాల నమ్మకం' అని రాయించాడు. ఆ షాపు తెరిచి రెండేళ్ళయింది. రాసింది కూడా నేనే.

మర్నాడు మా షాపాయన నేరుగా స్కూలుకే వచ్చాడు.

"మాష్టారూ, మన దూదిమామకి ఓ చరిత్ర కావాలండీ."

"వేసి మూడు నెలలే కదండీ అయింది."

"అందుకేగా మిమ్మల్ని అడిగేది! ఉన్న చరిత్రయితే మీరెందుకు?"

ఈ మాటలు వింటున్న మా తెలుగు పండితులుగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు సందర్భసహిత వ్యాఖ్యలు చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నారు. "నేను రాస్తానయ్యా" అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

స్టాఫ్ రూములో మూడు రోజులు కూర్చున్నాం. ఆయన మొదటి రోజే సూత్రం చెప్పారు. "చరిత్రకి ముందు లోపాలు వెతకాలి అబ్బాయ్. లోపం ఉన్నచోటే కథ ఉంటుంది. వేళ్ళు నాలుగే వేశావేం?"

"పాత కార్టూన్లలో అంతేనండీ. ఐదు వేస్తే చెయ్యి అరటి అత్తంలా కనిపిస్తుంది."

"అదెవడిక్కావాలి? తెల్లదొర జిన్నింగు మిల్లులో పత్తి గింజ తీస్తుంటే తెగిపోయింది, రాసుకో."

"రెండు చేతులకీనా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "ఒకటి మిల్లులో. రెండోది స్వాతంత్ర్య పోరాటంలో."

అలా తయారైన చరిత్ర ప్రకారం, దూదిమామను మొట్టమొదట కొత్తపట్నంలో ఒక పడవ తెరచాప మీద మసిబొగ్గుతో గీశారు. చీరాల నేతగాళ్ళు ఆ బొమ్మను తువ్వాలు అంచున నేశారు. తువ్వాలు చూసిన దొరకు ఒళ్ళు మండి, ఈ దూదిమామ ఎవడో పట్టుకురమ్మని పోలీసులను పంపాడు. వాళ్ళు వారం రోజులు పత్తిచేలన్నీ గాలించి, చేను నిండా ఎక్కడ చూసినా వాడే ఉన్నాడని వెనక్కి వెళ్ళిపోయారు. ఈ చివరి వాక్యం రాశాక పండితులుగారు కళ్ళు తుడుచుకున్నారు.

"మరి మొదట గీసిన ఆయన పేరేం పెడదామండీ?" అన్నాను.

"పేరు పెట్టావా, ఏ ఊరంటారు, ఏ కులమంటారు. అజ్ఞాత చిత్రకారుడని రాయి. తెలియనివాడైతే అందరివాడూ అవుతాడు."

ఈ చరిత్రను కరపత్రంగా వేయించి పంచుతానన్నాడు షాపాయన. అందులో అచ్చు వెయ్యడానికి ఒక పాత బొమ్మ కూడా కావలసివచ్చింది. ఇంట్లో కాయితం మీద దూదిమామను గీసి, టీ డికాషన్లో ముంచి, కట్టెలపొయ్యి మీద పొగపట్టించాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏమండీ, ఇంట్లో పాతవాటిని కొత్తగా చెయ్యమని నేను మొత్తుకుంటుంటే, మీరు కొత్తదాన్ని పట్టుకుని పాత చేస్తున్నారా?"

ఆ డికాషను కోసం ఇంట్లో టీపొడి అంతా అయిపోయింది. రెండు రోజులు నాకు మజ్జిగే గతి అయింది.

కరపత్రాన్ని విత్తనాల సంచీతో పాటు ఇచ్చేవాళ్ళు. నలుగురూ చదివి నవ్వుకుంటారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పదిహేను రోజులు తిరగకముందే జనానికి జ్ఞాపకాలు రావడం మొదలైంది. ఒకరోజు నేను షాపులో ఉండగా ఒక పెద్ద రైతు కరపత్రం కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "మా నాయన బండికి ఈ బొమ్మే ఉండేదయ్యా" అన్నాడు.

"ఈ బొమ్మ నేనే వేశానండీ, ఈ ఏడే" అన్నాను.

"నువ్వు గోడ మీద వేశావు. నేను చెప్పేది బండి మీద ఉన్న బొమ్మ సంగతి."

ఆయన అబద్ధం ఆడటం లేదు. బండి రంగు చెప్పాడు, ఎద్దుల పేర్లు చెప్పాడు, బొమ్మ కింద నీలం గీత ఉండేదని కూడా చెప్పాడు. వింటుంటే నాకే ఆ బండి కనిపించింది. మా అమ్మ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, తన పెళ్ళిలో విడిదింటి గోడ మీద దూదిమామ ఉన్నాడంది. "నేను పుట్టించాను కదమ్మా" అంటే, "నిన్ను పుట్టించిందాన్ని నేను. నాకు తెలియదూ?" అంది.

ఎదురు షాపువాడు మాత్రం తక్కువ తిన్నాడా? తన గోడ మీద ఐదు వేళ్ళతో ఇంకో దూదిమామను వేయించి, కింద 'వేలు తెగకముందు నాటి అసలు దూదిమామ' అని రాయించాడు. ఆ పని నన్నే అడిగాడు కానీ నేను ఒప్పుకోలేదు. ఆ చెయ్యి అచ్చం అరటి అత్తంలాగే వచ్చింది.

తర్వాత సంవత్సరం దూదిమామ చరిత్ర వెతుక్కుంటూ గుంటూరు నుంచి ఒక హిస్టరీ లెక్చరర్ వచ్చాడు, భుజాన సంచీ, చేతిలో నోటుబుక్కు. నాకు భయం వేసి ఉన్నదంతా చెప్పేశాను. డికాషన్ సంగతి కూడా దాచలేదు. ఆయన ఓపిగ్గా విని నోటుబుక్కు మూశాడు.

"మీ వినయం నాకు అర్థమైంది మాష్టారూ. కానీ ప్రజల ఆస్తిని సొంతం చేసుకోవడం మంచిది కాదు. పైగా మీ బొమ్మలో కళ్ళు తప్పు. కొత్తపట్నంలో ఒక ముసలాయన చెప్పాడు, అసలుదాని కళ్ళు ఇంకా పెద్దవట."

నా బొమ్మకు నేనే నకలు గీసినవాణ్ణయ్యాను. స్టాఫ్ రూములో ఈ సంగతి చెబితే పండితులుగారు పొట్ట పట్టుకుని నవ్వి, కాసేపటికి గంభీరంగా, "ఏమో, నిజంగా ఉండేదేమో!" అన్నారు.

తర్వాత కొన్నేళ్ళకు పత్తికి తెల్లదోమ వచ్చింది. ఆకు ముట్టుకుంటే బూడిద చల్లినట్టు దోమ లేచేది. ఒక మందు పనిచెయ్యకపోతే రెండోది, రెండోది పనిచెయ్యకపోతే రెండూ కలిపి కొట్టారు. ఆకు జిగటపట్టి నల్లబడిపోయింది. చేలు నిలువునా పోయాయి. సత్తెనపల్లి బజారులో గట్టిగా మాట్లాడే మనుషులు మెల్లగా మాట్లాడటం అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ మాటలు వింటూ, గోడ మీద నవ్వుతున్న దూదిమామ కింద నుంచి రోజూ స్కూలుకు నడవడం నాకు కష్టంగా ఉండేది. మందు కొట్టేవాళ్ళకు గ్లౌజులు నిజంగానే కావాలని ఆరోజు నోరు విప్పి ఉంటే ఒక్కడైనా చేతులు కాపాడుకునేవాడేమో అని కూడా అనిపించేది.

ఒక ఉదయం బొమ్మ ముఖం నిండా పేడ కొట్టి ఉంది. షాపు ముందు పాతికమంది రైతులు గుమిగూడారు. "ఈ దరిద్రపు బొమ్మ వచ్చాకే పత్తికి శని పట్టింది" అంటున్నారు. మా షాపాయన మెట్టు మీద నిలబడి, రెండు చేతులూ జోడించి, నన్ను చూపించాడు.

"నాకేం తెలుసండీ! అదిగో, మాష్టారే కదా పుట్టించింది."

"ఈయనే పుట్టించాడు, మాకు తెలీదా ఏంటి?" అన్నారు జనం. పాతికమందిలో ఒక్కరు కూడా కాదనలేదు. ఇన్నేళ్ళూ నేను మొత్తుకున్న నిజాన్ని అందరూ ఒక్కసారిగా ఒప్పుకున్నారు. ఒక నడివయసు రైతు నా దగ్గరికి వచ్చి, కొట్టడానికనుకుని నేను వెనక్కి తగ్గితే, "చెరిపెయ్యండి మాష్టారూ, చూడలేకపోతున్నాం" అన్నాడు, అంతే.

ఆ ఆదివారం సున్నం బకెట్టు పట్టుకుని నేనే వెళ్ళాను. ముందు పేడ కడిగాను. ఒక పూత వేస్తే కళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో పూతకు బూట్లు పోయాయి. మూడో పూత వేస్తుండగా షాపాయన టీ పట్టుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"వచ్చే ఏడు అంతా పొద్దుతిరుగుడే వేస్తారంటున్నారండీ" అన్నాడు. "బాగా గుండ్రంగా ఉంటుంది ముఖం. మీకు తేలిక."

నేను టీ తాగి గ్లాసు ఆయన చేతికిచ్చాను. గోడ ఆరాక షాపు పేరు మాత్రం రాసి, సైకిలెక్కి ఇంటికి వచ్చేశాను.