తలుపు మీద నేను రాసిన 'పి'

బడి టీచర్లకు పాఠం చెప్పడం తప్ప మిగతా పనులన్నీ ఉంటాయి. ఓట్ల జాబితాలు, జనాభా లెక్కలు, ఆ రోజుల్లో పోలియో చుక్కలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను గౌలిపురలో ఒక సర్కారు బడిలో టీచర్ని. మాది కోస్తా. మా ఆయన ఆఫీసు ఉద్యోగం కోసం వచ్చి సైదాబాద్‌లో కాపురం పెట్టాం. నా కోపం మా ఊళ్ళోనే ప్రసిద్ధి. అది కూడా నాతోపాటే హైదరాబాద్ వచ్చింది.

చుక్కల ఆదివారం బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవాళ్ళం. రానివాళ్ళ కోసం తర్వాతి మూడు రోజులు ఇల్లిల్లూ తిరగాలి. నాకు జతగా అంగన్‌వాడీ ఆయమ్మను వేశారు. ఆ గల్లీల్లోనే పుట్టి ఆ గల్లీల్లోనే కాపురం చేస్తున్న మనిషి. మందు చల్లగా ఉండే ఐసు పెట్టె ఆమె భుజాన, కాగితాలూ సుద్దముక్కా నా చేతిలో. ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు మీద 'పి' అని రాయాలి. ఒక్కరు మిగిలినా ఇంటూ గుర్తు పెట్టాలి. ఇంటూ ఉన్న ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, దాన్ని 'పి' చేసేదాకా ఊరుకోకూడదు. మూడో రోజు సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి తలుపులు చూసుకుంటూ పోతాడు. ఇంటూ కనబడిందా, మిగతా టీచర్లందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాడు.

నా లైన్లో ఒకే ఒక్క ఇంటూ మిగిలింది. గల్లీ చివర పాలవాళ్ళ ఇల్లు. ముందు కొట్టం, అందులో నాలుగు గేదెలు, వెనక రెండు గదులు. ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు, పది నెలల మనవడు. కొడుకు ఎప్పుడు వెళ్ళినా పాల క్యాన్లతో బయటే ఉండేవాడు. కోడలు కొంగు కప్పుకుని లోపలి గుమ్మంలో నిలబడేది. మాటలన్నీ ముసలమ్మవే.

"రెండంటే రెండు చుక్కలేనండీ. సూది కాదు, నోట్లో వేస్తాం" అన్నాను మొదటిసారి, వీలైనంత మర్యాదగా.

"అండీ గిండీ నాకొద్దు. పోయిన యేడు బర్రెల డాక్టర్ గూడ గిట్లనే నవ్వుకుంట వచ్చిండు. మంచిదవ్వా, రోగం రాదన్నడు. సూదేసి పోయిండు. వారం దినాలు పాలు బందైనయ్. ఒకటి ఈసుకపోయింది."

ఈసుకపోవడమంటే చూలు గేదెకు కడుపు పోవడమని ఆయమ్మ నా చెవిలో చెప్పింది.

"పిలగానికి మీరు మందేస్తే నా కోడలికి పాలు బందైతే ఏం జెయ్యాలె? నువ్వొచ్చి ఇస్తవా?"

"గేదెకూ మనిషికీ పోలికేంటండీ!" అని గట్టిగానే అరిచాను.

"గీ బర్రెలే మమ్మల్ని సాకుతున్నయ్. నీకు తెల్వదు, నువ్వు ప్యాకెట్ పాలు తాగేదానివి" అంది ఆమె.

నిజానికి ఆ పిల్లాడికి పుట్టినప్పటినుంచీ ఏ టీకా పడలేదు. దవాఖానలో కార్డు ఎందుకు రాయించలేదని అడిగితే దానికీ జవాబుంది. "మీ దవాఖానల పిల్లల సూదులు బుధవారం పొద్దుగాల. గా టైముల మేం పాలు పొయ్యాల్నా, లైన్ల నిలవడాల్నా? పని ఒడిసి పోయేసరికి తాళం." ఈ మాట మాత్రం తప్పని అనలేకపోయాను. దవాఖాన పెద్ద రోడ్డు దాటి అవతల ఉండేది. మధ్యాహ్నం నేను అటు వెళ్ళినప్పుడల్లా తాళమే కనబడేది.

మూడో రోజు మధ్యాహ్నం నాలుగోసారి వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది. లోపల పిల్లాడి గొంతు వినబడుతోంది. కొట్టాను, పిలిచాను. పలకలేదు. ఎండకు నా తల పగిలిపోతోంది, పెట్టెలో ఐసు నీళ్ళయిపోతోంది. అవతలి గల్లీలో సూపర్‌వైజర్ స్కూటర్ చప్పుడు. ఇంత చదువుకుని ఒక ముసలమ్మ చేతిలో ఓడిపోయానన్న ఉక్రోషం ఒక పక్క, అందరి ముందూ మాట పడాలన్న భయం ఒక పక్క. కొంగుతో ఇంటూ గుర్తు తుడిచేశాను. సుద్దముక్క తీసి దాని చోట చక్కగా, గుండ్రంగా 'పి' రాశాను.

"వద్దు టీచరమ్మా. గది మంచిది గాదు" అంది ఆయమ్మ.

"ఊరుకో. ఒక్క పిల్లాడు. చుట్టూ అందరికీ వేశాంగా. వాడికెక్కడినుంచి వస్తుంది రోగం?"

కాగితం మీద ఆ ఇంటి నంబరు ఎదుట, వేసినవారు ఒకరు అని రాశాను. ఆ సాయంత్రం సూపర్‌వైజర్ అందరికీ వినబడేలా, "ఈ మేడమ్ లైన్లో ఒక్క ఇంటూ లేదు, చూసి నేర్చుకోండి" అన్నాడు. నేను నవ్వాను కూడా.

నెల దాటి మరో పది పన్నెండు రోజులై ఉంటుంది. అన్నం గంట కొట్టాక పిల్లల పక్కన నిలబడి ఉన్నాను. ఆయమ్మ గేటు దగ్గర చెప్పులు లేకుండా నిలబడి చెయ్యి ఊపింది. దగ్గరికి వెళ్ళాను.

"కాలు వడిపోయింది టీచరమ్మా."

ఎవరికి అని నేను అడగలేదు.

హెడ్మిస్ట్రెస్‌కు తలనొప్పి అని చెప్పి బయటపడ్డాను. బడి నుంచి ఆ ఇంటికి అయిదు నిమిషాల నడక. ఆ అయిదు నిమిషాల్లో దేవుడికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే గుర్తులేదు. గల్లీ మొదట్లో జీపు ఆగి ఉంది. పోలియో పనులు చూసే పెద్ద డాక్టరు అప్పటికే వచ్చి, కొట్టం పక్కన స్టూలు మీద కూర్చుని ఫారం నింపుతున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా గోడ వెంట నిలబడ్డారు. కోడలి ఒళ్ళో పిల్లాడు. రెండు రోజులు జ్వరం వచ్చిందట, మూడో నాటికి కుడికాలు కదపడం మానేశాడట. డాక్టరు ఎడమకాలు పట్టుకుంటే వాడు గట్టిగా తన్నాడు. కుడికాలు ఎత్తి వదిలితే అది టపుక్కున పడిపోయింది.

"వీడికి పోలియో చుక్కలు ఎన్నిసార్లు వేయించారు?" అడిగాడు డాక్టరు.

ఆయన తలెత్తి తలుపు వైపు చూశాడు. వెలిసిపోయినా ఇంకా కనబడుతోంది, నా గుండ్రటి అక్షరం.

"పి ఉందిగా. పోయిన రౌండులో వేశారన్నమాట" అని తనే అనుకుని ఫారంలో రాసుకున్నాడు.

ముసలమ్మ నా వైపు చూసింది. ఆమె నోరు తెరిచి చెప్పేస్తుందని భయపడ్డాను. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. చెప్పలేదు. డాక్టరు ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాడు, లేచాడు, గల్లీలో నడిచి వెళ్ళిపోతున్నాడు. ఆయమ్మ నా మోచేతి పైన గట్టిగా గిచ్చింది. ఆ గిచ్చుడు లేకపోతే నేను కదిలేదాన్నని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

జీపు ఎక్కబోతుండగా అందుకున్నాను.

"సార్, వాడికి చుక్కలు వేయలేదండీ. నేను ఊరికే రాశాను."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తిట్టలేదు. ఫారం మళ్ళీ తీసి, రాసింది కొట్టేసి, సున్నా చుట్టి, పక్కన సంతకం పెట్టాడు. "వేసుకున్న పిల్లాడికి కాలు పడిపోతే మేం ఒక రకంగా ఆలోచిస్తాం. అసలు వేయని పిల్లాడైతే ఇంకో రకంగా. ఈ గల్లీలో ఇంకెన్ని ఇలాంటివి రాశారమ్మా?" అన్నాడు.

"ఇదొక్కటే" అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. మర్నాడు నా లైన్లో అన్ని ఇళ్ళూ వేరే వాళ్ళు వచ్చి మళ్ళీ చూశారు. నాకు మెమో వచ్చింది. ఇంట్లో మా ఆయన, "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు.

పిల్లాడి మలం రెండు రోజులు, రెండు డబ్బాల్లో పట్టి పరీక్షకు పంపారు. తీసుకెళ్ళింది కూడా ఐసు పెట్టెలోనే. మేం చుక్కలు మోసే పెట్టె లాంటిదే. దాన్ని ఆయమ్మ చూడలేక మొహం తిప్పుకుంది. ఫలితానికి కొన్ని వారాలు పడుతుందన్నారు.

ఆ వారాలన్నీ బడి వదిలాక అక్కడికే వెళ్ళేదాన్ని. వెళ్ళి చేసేదేమీ లేదు. కోడలు కుడికాలికి నూనె రాస్తుంటే పక్కన కూర్చుని పాదం కింద గోరుతో గీరేదాన్ని. వాడు ఎడమపాదం మాత్రం లాక్కుని నవ్వేవాడు. ముసలమ్మ తౌడు కలుపుతూ, పేడ ఎత్తుతూ నా పక్కనుంచే తిరిగేది. ఒకరోజు ఉండబట్టలేక నేనే అన్నాను.

"అవ్వా, తప్పు చేశాను. వేయకుండానే వేసినట్టు రాశాను."

"నాకెర్కే. నువ్వు తుడుస్తుంటే కిటికీలకెల్లి చూసిన."

"మరి అప్పుడే ఎందుకు కేకలెయ్యలేదు? ఎవరికైనా చెప్పాల్సింది కదా."

ఆమె చేతిలోని తట్ట కింద పెట్టింది. "చెప్తే మళ్ళొస్తరు గద. గది రాసినంక ఎవ్వలు రాలే. పీడ పోయిందనుకున్న" అంది. మళ్ళీ తనే, "నువ్వు నాలుగుసార్లొచ్చినవ్. నేను నాలుగుసార్లు వెళ్ళగొట్టిన" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. నా అబద్ధం మా ఇద్దరికీ సుఖంగానే ఉందని ఆరోజు తెలిసింది. దాని బరువు మోసింది ఒళ్ళో పాకలేక పడుకున్న వాడు.

ఫలితం వచ్చిన రోజు డాక్టరు తనే వచ్చి చెప్పాడు. పోలియో కాదు. జ్వరం వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళారని తరచి తరచి అడిగితే అప్పుడు బయటపడింది. గల్లీ మలుపులో డిగ్రీ లేని డాక్టరు పిల్లాడి పిరుదు మీద సూది వేశాడు. అది నరానికి తగిలి ఉంటుందని, మెల్లగా కోలుకుంటుందని ఆయన అన్నాడు.

గేదెకు వేసిన సూది పేరు చెప్పి చుక్కలకే తలుపు మూసిన మనిషి మనవడికి సూది ఎలా వేయించిందని నాకు మళ్ళీ కోపం వచ్చింది. అడిగేశాను.

"మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతుండె. దవాఖానకు ఉరికినం. తాళం. ఏడికి పోవాలె టీచరమ్మా, చెప్పు?"

నేను డాక్టరు వైపు తిరిగాను. వారానికొక్క రోజైనా సాయంత్రం పూట మా బడి వరండాలో టీకాలు పెట్టించండి, ఈ పాలవాళ్ళంతా వస్తారు అన్నాను. చూద్దామన్నాడు. నేను బదిలీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

పోలియో కాదన్న మాట వినగానే నాకు కలిగిన మొదటి సంతోషం పిల్లాడి కోసం కాదు. బతికిపోయాను అనిపించింది. పిల్లాడు గుర్తొచ్చింది ఆ తర్వాత. ఆ సిగ్గు ఇన్నేళ్ళయినా పోలేదు. డాక్టరు వెళ్తూ వెళ్తూ, "ఈసారి కాదు. ఒక్క చుక్క కూడా పడని పిల్లాడు, వచ్చేసారి సంగతి చెప్పలేం" అన్నాడు.

తర్వాతి రౌండుకు నన్ను వేయరనుకున్నాను. మనుషులు చాలక మళ్ళీ నన్నే వేశారు, అదే లైను. ఆ ఇంటి ముందుకు వచ్చాం. ఈసారి తలుపు బార్లా తెరిచి ఉంది. ముసలమ్మ ఒక తడిగుడ్డతో తలుపును గట్టిగా రుద్దుతోంది. నా పాత 'పి' ఆనవాలు లేకుండా పోయింది. మనవడు పాల బకెట్ అంచు పట్టుకుని నిలబడ్డాడు, కుడికాలు కొంచెం పక్కకు వేసి. ఆయమ్మ ఐసు పెట్టె దింపింది.

నేను అలవాటుగా సుద్దముక్క బయటికి తీశాను. ముసలమ్మ దాన్ని నా వేళ్ళలోంచి తీసుకుని తన గుప్పిట్లో పెట్టుకుంది. కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుంది. ఆయమ్మ బుగ్గలు నొక్కింది, నేను చుక్కలు వేశాను. ఒకటి, రెండు. వాడు మొహం వికారంగా పెట్టి మింగాడు. ముసలమ్మ దగ్గరికి వచ్చి, దూడ నోరు చూసినట్టు వాడి గడ్డం పట్టి నోరు తెరిపించి లోపలికి చూసింది. అప్పుడు గుప్పిట విప్పింది.

"ఇప్పుడు రాయి" అంది.