ముసఫ్ఫా క్యాంపు ఉపదేశిగారు

మా ఉపదేశిగారు గుంటూరు దగ్గర తమ సొంత ఊళ్లో కన్నుమూశారని మొన్న శుక్రవారం, సరిగ్గా చర్చిలో దివ్యపూజకు ముందు తెలిసింది. ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. అబుధాబి చర్చి ఆవరణలో మా తెలుగువాళ్లందరం గుమిగూడి నిలబడ్డాం. ఎవరూ పాట మొదలుపెట్టలేదు. ముసఫ్ఫా కూలీల క్యాంపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు, "పాట ఎత్తుకో అక్కా. ఆయనుంటే ఇట్టా ఊరుకునేవాడా?" అన్నాడు. ఎత్తుకున్నాను.

ఉపదేశి అంటే మా కతోలిక ఊళ్లలో ఫాదరుగారికి కుడిభుజం. వెనకటి రోజుల్లో ఫాదరుగారు ఏ నెలకో రెండు నెలలకో ఒకసారి ఊరికి వచ్చేవారట. మిగతా రోజుల్లో గంట కొట్టేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, పాటలు పాడించేదీ, చనిపోయినవాళ్ల దగ్గర ప్రార్థన చెప్పేదీ ఉపదేశే. ఈయన తాతా తండ్రీ ఆ పనిలోనే బతికారు. ఈయన మాత్రం పిల్లల చదువుల కోసం కాంక్రీటుకు చెక్క అచ్చులు కొట్టే షట్టరింగు కార్పెంటరుగా దుబాయ్ దారి పట్టి, అబుధాబి శివారు ముసఫ్ఫాలో తేలారు. పని మారిందే గానీ పిలుపు మారలేదు. క్యాంపులో హిందువులూ ముస్లిములూ కూడా ఆయన్ను ఉపదేశిగారనే పిలిచేవారు.

మాకు సెలవూ పూజా ఉండే శుక్రవారం కోసం ఒక తెల్లచొక్కా విడిగా దాచుకునేవారు. ఎంత ఎండలోనైనా మెడ దాకా బొత్తాలు పెట్టుకునే వచ్చేవారు. చెప్పులు విడిచాకే పాట మొదలుపెట్టేవారు. మాలో ఎవరైనా గొంతు పెంచితే, "పక్కవాడి పాట నీకు వినపడట్లేదంటే నువ్వు పాడట్లేదు, అరుస్తున్నావు" అనేవారు.

పవిత్ర శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు శ్రమల చరిత్రను వరసగా పాడటం మా ఆచారం. కథ చెప్పే భాగం ఉపదేశిది, గుంపు మాటలు జనానివి. ఒక ఏడాది, ఆ పండక్కి ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే ముందు ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. మాట బొంగురుపోయింది. ఆ భాగం ఎవరు పాడాలా అని అందరూ ఆలోచిస్తుంటే ఆయన నా వైపు చెయ్యి చూపించారు. నేను కోనసీమ నుంచి ఒక అరబ్బుల ఇంట్లో పనికి వచ్చినదాన్ని.

"నా వల్ల కాదండి బాబూ!" అన్నాను.

మాలో పెద్దవాడైన ఫోర్‌మన్‌గారికి అసలు నచ్చలేదు. "ఇంతమంది మగాళ్లం ఉండగా ఆడమనిషి పాడటమేందండీ?" అన్నారు.

"పాడేది గొంతుతోనయ్యా, మీసంతో కాదు" అన్నారు ఉపదేశిగారు. తర్వాత నాతో మెల్లగా చెప్పారు: "మా అమ్మ మా నాయనకంటే బాగా పాడేదమ్మా. ఊళ్లో ఆడవాళ్లందరికీ పాటలు నేర్పింది ఆమే. అయినా ఒక్కనాడూ ముందు నిలబడి పాడలేదు. ఎవరూ పాడమనలేదు."

నేర్చుకున్నాను. కానీ పవిత్ర శుక్రవారం నాడే మా మేడమ్ ఇంటికి చుట్టాలు వస్తున్నారు, సెలవు లేదన్నది. నేను ఫోన్లో ఏడిస్తే, మర్నాడు పని దిగగానే ఆయన తెల్లచొక్కా వేసుకుని మా గేటు దగ్గరికి వచ్చారు. వచ్చీరాని హిందీలో విషయం చెప్పారు.

"ఈమె రాకపోతే మీ ప్రార్థన ఆగిపోతుందా?" అని మేడమ్ అడిగింది.

"ఆగదు మేడమ్. కానీ మేమందరం ఈమె పాట కోసం ఎదురుచూస్తున్నాం."

మేడమ్ నా వైపు తిరిగి, "ఏదీ, పాడు" అంది. వంటింటి గుమ్మంలో నిలబడి, తడిచేతులతోనే పాడాను. ఆమెకు తెలుగు ముక్క రాదు. అయినా చివరిదాకా విన్నది. "ఖలాస్, ఇక సరే. చుట్టాల సంగతి నేను చూసుకుంటా. డ్రైవర్ నిన్ను దింపుతాడు" అంది.

ఆ శుక్రవారం చర్చివాళ్లు మాకిచ్చిన హాలు నిండిపోయింది. నేను చెప్పులు విడిచి కథ ఎత్తుకున్నాను. ఉపదేశిగారు ముందు వరసలో కూర్చోలేదు. వెనక, క్యాంపు మనుషుల మధ్య నేలమీద కూర్చుని, జనం పలకాల్సిన చోట వాళ్లతో కలిసి ఆ బొంగురు గొంతుతోనే పలికారు. అయిపోయాక ఫోర్‌మన్‌గారు నా దగ్గరికి వచ్చి, "వచ్చే ఏడు కూడా నువ్వే పాడాలమ్మా" అన్నారు.

మరుసటి ఏడు గొంతు జబ్బు తిరగబెట్టి ఉపదేశిగారు ఊరికి వెళ్లిపోయారు. ఇప్పుడిక లేరు. ఆ వంశంలో చివరి ఉపదేశి పోయారని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోను.

ఆ పవిత్ర శుక్రవారం సాయంత్రం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ముసఫ్ఫా బస్సు కదలబోతోంది. డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకలు పెడుతున్నాడు. ఉపదేశిగారు ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేలమీద ఉంచి, దారినపోయే ముక్కూమొహం తెలియని మలయాళీని ఆపి, నా వైపు చెయ్యి చాపి చెబుతున్నారు: "ఈమే, మా ఉపదేశి."