చేప కన్ను, పాప కన్ను

మా వియ్యపురాలు ఇక లేదు. పోయిన వారం తెల్లవారుజామున, ఫిషింగ్ హార్బరులో చేపల వేలం దగ్గరే కూలబడిపోయిందట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. పాపను ఇక కంటి పరీక్షకు ఎవరు తీసుకెళ్తారు?

పాప నాకు కొడుకు కూతురు, ఆవిడకు కూతురి కూతురు. కిందటేడు పాప రోజూ పొద్దున లేవగానే కుంటడం మొదలుపెట్టింది. మోకాలు ఉబ్బింది. ఎక్కడో పడి ఉంటుందని నేను నూనె రాస్తున్నాను.

"ఏటన్నియ్యా, ఆ నూనెతో పిల్లని ఏపుడు సేత్తన్నావేటి? లెగు, ఆస్పత్రికి పోదాం" అంది ఆవిడ.

రక్తం తీశారు. కీళ్లవాతం పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. నేను దండం పెట్టుకున్నాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. రక్తంలో అది తేలకపోయినా పిల్లలకు కీళ్లవాపు జబ్బు ఉండొచ్చట; పాప మోకాలే చెబుతోందట. ఏ.ఎన్.ఏ. అనే ఇంకో రక్తపరీక్షలో మాత్రం ఉందని వచ్చింది. అలాంటి పిల్లలకు కంటి లోపల వాపు వచ్చే భయం ఎక్కువ. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, చూపు పోవచ్చు. మూడు నెలలకోసారి కంటి డాక్టరు దగ్గర మిషను మీద చూపించండి అంది.

వియ్యపురాలు పాప రెప్ప పైకెత్తి చూసింది. కన్ను చూసి చేప తాజాదో కాదో చెప్పే మనిషి.

"నిగనిగలాడతంది గదమ్మా!"

"పైకి అలాగే ఉంటుందమ్మా. వాపు లోపల."

బస్సులో నా వైపు వంగి మెల్లగా అంది: "నా కంటికి అవుపడనిదేదో ఉందంటే బయ్యమేత్తంది అన్నియ్యా."

అప్పటినుంచి పరీక్ష ఉన్న రోజున వేలం వదులుకుని ఆవిడే తీసుకెళ్లేది. నేను బయట బెంచీ మీదే. లోపలికి కాళ్లు వచ్చేవి కావు. "మీ తాత సంద్రంలో తుపానుకి బయపడ్నేదు గానీ ఆ మిషను లైటుకి బయపడతన్నాడే" అని పాపను నవ్వించేది. ప్రతిసారీ ఏమీ లేదంటున్నారు, ఈసారికి మానేద్దామా అన్నానొకసారి.

"అవుపడని సేపకే గదా వల ఏసీది."

ఆవిడ చేసినదానికి ఒక మంచి మాట చెప్పలేకపోయాను. నాకు మాటలు రావు. అందుకే ఇది రాస్తున్నాను.

నిన్న మళ్లీ పరీక్ష. కొడుకు బోటు మీద ఉన్నాడు, కోడలు తల్లి కోసం ఏడుస్తూ లేవలేదు. నేనే వెళ్లాను. చీకటి గది. పాప స్టూలెక్కి, అలవాటుగా మిషనుకు గడ్డం ఆనించింది. తల కదపకుండా ఒక చెయ్యి వెనక్కి చాపింది. ఎందుకో నాకు వెంటనే తెలియలేదు. తెలిశాక నా చెయ్యి అందించాను.

"అలక్కాదు తాతా. అమ్మమ్మ గట్టిగా పట్టుకునీది."

గట్టిగా పట్టుకున్నాను. డాక్టరు మిషనులోంచి ఇంకా చూస్తున్నారు. ఆ సన్నని వెలుగు గీత పాప కంటి మీద మెల్లగా జరుగుతూనే ఉంది.