లెక్కల సార్ వస్తలేడు

“సార్, మా బడిల లెక్కల సార్ వస్తలేడు సార్,” అంది ఆ పిల్ల, ఎస్టీడీ బూత్‌లో ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకొని.

ఒక్క క్షణం ఆగి అదే మాట, అదే గొంతుతో, రోడ్డు అవతలి హైస్కూలు కిటికీలోంచి వినిపించింది. ఈ మధ్యలో ఆ మాట హైదరాబాద్ పోయింది, అక్కడి నుంచి ఉపగ్రహానికి ఎక్కింది, మళ్లీ కిందికొచ్చి తరగతి గదిలోని టీవీలోంచి బయటపడింది. తమతో కూర్చునే పిల్ల టీవీలో మాట్లాడుతోందని పదో తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది.

టీవీలో పాఠం చెబుతున్న లెక్కల సార్ మర్యాదస్తుడు. “అయ్యో, సిగ్నల్ సమస్య అయి ఉంటుంది తల్లీ. ఏం కంగారు పడకు. లైన్లోనే ఉండి మీ బడి ఎక్కడో చెప్పు, టెక్నీషియన్‌ను పంపిస్తారు,” అన్నాడు.

“టీవీల గాదు సార్, బడిల...” అని ఆమె అనేసరికి ఆయన తర్వాత ఫోన్ చేసిన వాళ్లకు నమస్తే చెబుతున్నాడు. ఫోన్లోకి ఇంకెవరో వచ్చి ఊరు, మండలం అడిగారు. ఆమె చెప్పింది. అడిగితే చెప్పకుండా ఉండే అలవాటు ఆ బడిలో ఎవరికీ లేదు.

నేను విలేకరిని. మా పేపరు ఆఫీసుకు వార్త చెప్పడానికి ఆమె వెనకే నిలబడి ఉన్నాను. బూత్ నడిపే పెద్దాయనను ఊరంతా చాచా అనేది. “ఏమన్నరు బేటీ?” అని అడిగాడాయన.

“మెకానిక్‌ను తోలుతరంట చాచా.”

“సార్‌ను అడిగితే మెకానిక్‌నా? సరేతీయ్, గాయనకు లెక్కలొస్తయేమో సూడు.”

ఆ ఊరు వనపర్తి నుంచి పాన్‌గల్ పోయే దారిలో ఉంటుంది. అప్పట్లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే జిల్లా. బదిలీల్లో ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లినా జిల్లా దాటినట్టు కాదు. అలాగే ఈ బడి లెక్కల మాస్టారు రెండేళ్ల కిందట గద్వాల వైపు సొంతూరికి దగ్గరగా వెళ్లిపోయాడు. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. తర్వాతి ఏడు టీవీ వచ్చింది, కప్పు మీదికి డిష్ వచ్చింది. పిల్లలు దాన్ని ఛత్రి అనేవారు. రాష్ట్రంలోకెల్లా మంచి ఉపాధ్యాయులు ఇక పల్లెలకు కూడా పాఠాలు చెబుతారని పైవాళ్లు ప్రకటించారు. అందులో అబద్ధమేమీ లేదు. టీవీలో చెప్పేవాళ్లు నిజంగానే మంచి ఉపాధ్యాయులు. కాకపోతే, లెక్కల పోస్టు సంగతేమిటని హెడ్‌మాస్టర్ ఎప్పుడు అడిగినా, “టీవీ ఉంది గదా,” అన్న జవాబు మాత్రం అప్పటి నుంచే మొదలైంది.

మొదటి రోజు ముచ్చట హెడ్‌మాస్టరే నవ్వుతూ చెప్పారు. తెరమీద సార్ కనిపించగానే పిల్లలంతా లేచి నిలబడి “నమస్తే సార్” అన్నారట. కూర్చోమని ఆయన అనలేదు. అనకుండా కూర్చుంటే బాగుండదని పాఠమంతా నిలబడే విన్నారట. గంట కొట్టాక ఈయన వెళ్లి చూస్తే, చీకటి తెర ముందు తరగతి ఇంకా నిలబడే ఉంది.

తర్వాత పిల్లలకు ధైర్యం వచ్చింది. కూర్చోవడమే కాదు, “సార్, జర ఆగు సార్, రాసుకోలే,” అని అరవడం కూడా నేర్చుకున్నారు. ఆయన ఆగేవాడు కాదు. బోర్డు నిండగానే తుడిచేసేవాడు. పాఠాల వేళలు హైదరాబాద్‌లో నిర్ణయించేవారు, కరెంటు తీసే వేళలు సబ్‌స్టేషన్‌లో నిర్ణయించేవారు. ఈ రెండు చోట్ల వాళ్లూ ఎప్పుడూ కలుసుకున్నట్టు లేదు. వారంలో ఒకటో రెండో పాఠాలు చివరిదాకా వినిపిస్తే గొప్ప.

ఆ పిల్ల అమ్మానాన్నలు పంటపని అయిపోగానే పూణె వైపు ఇళ్లు కట్టే పనులకు వెళ్లేవారు. ఆమె నానమ్మ దగ్గర ఉండేది. ఆమె అక్క పదోతరగతి లెక్కల్లో తప్పి, ఆ ఏడే అమ్మానాన్నల వెంట వెళ్లింది. “లెక్కల్ల తప్పితే పూణె బస్సే” అన్నది ఆ తరగతిలో ఒకర్నొకరు ఏడిపించుకునే మాట. ఈ పిల్ల దానికి నవ్వేది కాదు. వనపర్తిలో పాలిటెక్నిక్ చదవాలని ఆమె కోరిక. దాని ప్రవేశపరీక్షలో లెక్కలే ఎక్కువ. అది రాయాలన్నా, పదో తరగతి గట్టెక్కాలన్నా లెక్కలు చెప్పే మనిషి కావాలి.

ఇంతలో, పాఠం జరుగుతుండగానే పిల్లలు ఫోన్ చేసి డౌట్లు అడగవచ్చని కబురొచ్చింది. హెడ్‌మాస్టర్ తెలుగు చదువుకున్న మనిషి. “మాన్యులైన ఉపాధ్యాయులకు నమస్కారములు” అంటూ మొదలయ్యే ఒక ప్రశ్న తానే రాసి, గొంతు బాగుందని ఈ పిల్లతో బట్టీ పట్టించారు. ఊర్ధ్వకోణం గురించిన ప్రశ్న అది. లైన్ దొరకగానే ఆమె నమస్కారాన్నీ ఊర్ధ్వకోణాన్నీ వదిలేసింది.

ఫోన్ పెట్టేసి ఆమె బడికి వెళ్లేసరికి హెడ్‌మాస్టర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

“నేను రాసిచ్చిందేంది, నువ్వు అడిగిందేంది?”

“డౌటు అడగమన్నరు గద సార్. నాకున్నది గదొక్కటే డౌటు.”

కోపం రావలసిన చోట ఆయనకు భయం వేసింది. పైవాళ్లు విన్నారేమోనని రెండు రోజులు నిద్ర పట్టలేదట. వాళ్లు వినలేదు. విన్నా సిగ్నల్ అనుకున్నారు.

రెండేళ్లుగా మాస్టారు రాని ఆ బడికి మెకానిక్ వారం తిరక్కుండా వచ్చాడు, జీపులో. ఆ రోజు పాన్‌గల్ పోతూ నేనూ ఆగాను. అతను కప్పెక్కి వైర్లు చూశాడు, దిగి టీవీ పెట్టాడు. బొమ్మ అద్దంలా ఉంది.

“సార్ మంచిగనే వస్తుండు గద. ఏంది మీ పరేషాన్?”

“గా సార్ గాదన్నా,” అందా పిల్ల. “బస్సు దిగి వచ్చే సార్ వస్తలేడు.”

అతనికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత పగలబడి నవ్వాడు. “గది నా డిపార్ట్‌మెంట్ గాదు చెల్లే. నాది ఆకాశంల నుంచి దిగేటోళ్ల డిపార్ట్‌మెంట్.”

“పోనీ, గా ఛత్రి ఎంత కోణంల పెట్టినవో జెప్పు. మా పాఠంల గదే ఉంది.”

“కోణమెక్కడిది? సిగ్నల్ మీటర్ల కుయ్యిమనేదాంక తిప్పుడే.”

అంతదూరం వచ్చాను కదా అన్నట్టు అతను డిష్‌కు రెండు బోల్టులు కొత్తవి బిగించాడు. తర్వాత చాచా బూత్ నుంచి పైవాళ్లకు ఫోన్ చేశాడు. “కంప్లైంట్ క్లియర్ సార్. లెక్కల సార్ వస్తుండు.”

చాచా నా వైపు చూసి, “ఇగ రాసుకో బిడ్డా, పేపర్ల ఎయ్యి,” అన్నాడు.

నేను రాశాను. బడిలో రెండేళ్లుగా లెక్కల పోస్టు ఖాళీగా ఉందనీ, ఒక విద్యార్థిని దాని గురించి టీవీలోనే అడిగిందనీ, బదులుగా మెకానిక్ వచ్చాడనీ రాశాను. మర్నాడు జిల్లా పేజీలో కప్పు మీద నిలబడ్డ మెకానిక్ ఫొటో వేసి, “ఫోన్ చేసింది.. స్పందన వచ్చింది” అని శీర్షిక పెట్టారు. పోస్టు ఖాళీ సంగతి వార్త చివర ఉండటంతో చోటు చాలక ఎగిరిపోయింది. డెస్క్‌లో వాళ్లకు ఆ బడిమీద పగేమీ లేదు, ఆ రోజు పేజీ అడుగున పెట్టాల్సిన ప్రకటన పెద్దది, అంతే.

ఆ వార్త చూసి పైవాళ్లు హెడ్‌మాస్టర్‌ను ఒక సమావేశంలో నిలబెట్టి అభినందించారు. టీవీని ఇంత బాగా వాడుకునే బడి మండలంలో మరోటి లేదన్నారు. అంత మెచ్చుకున్నాక లెక్కల పోస్టు మాట ఎత్తడం ఆయనకు ఇబ్బంది అయింది. “సన్మానం చేస్తుంటే శాలువ చిరిగిందంటమా?” అని నన్నే అడిగారు.

పిల్లలకు మాత్రం ఆ ఫోన్ ఒక ఆటయింది. ఎవరు బడికి రాకపోయినా, “వాడికి సిగ్నల్ లేదు సార్,” అనేవారు. ఆ పిల్ల తన పుస్తకం పట్టుకొని సెలవు రోజుల్లో పాన్‌గల్‌లో లెక్కలు చెప్పేవాళ్లెవరన్నా ఉన్నారేమోనని వెతికింది. దొరికినాయన పరీక్షలకు ముందే అచ్చంపేట బదిలీ అయ్యాడు.

ఆ ఏడు ఫలితాలు వచ్చాయి. ఆమె అన్నిటిలో పాసై, లెక్కల్లో తప్పింది. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష ఆ ఏటికి లేనట్టే. పూణె నుంచి అమ్మానాన్నలు వచ్చి, తమ వెంట రమ్మన్నారు. ఆమె వెళ్లనని చెప్పి సప్లిమెంటరీకి ఫీజు కట్టింది. అప్పటికి బడికి వేసవి సెలవులు. సెలవుల్లో టీవీ పాఠాలు రావు. పరీక్షలోపు ఆమెకు లెక్కలు ఎవరు చెబుతారన్నది నేను చివరిసారి ఆ దారిన వెళ్లినప్పటికి ఇంకా తేలలేదు.