మళ్ళీచెప్పండి మేడమ్

అర్థం కాని సంగతిని ఎవరైనా కడుపులో దాచుకుంటారు. మేడమ్‌కి అలా కుదరదు. అర్థం కాకపోతే ఆ సంగతి నలుగురికీ తెలియాలి, అదీ గట్టిగా తెలియాలి. "నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి" అనకుండా ఆవిడ ఏ గదిలోంచీ బయటికి వచ్చిన దాఖలా లేదు. ఆ మందుల కంపెనీలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ మళ్ళీచెప్పండి మేడమే.

తమాషా ఏమిటంటే ఆవిడ ఉద్యోగం సీనియర్ ట్రైనింగ్ అనలిస్టు. అంటే, పనివాళ్ళకి ఇచ్చే శిక్షణ ఎంతవరకు బుర్రకెక్కిందో, ఎక్కడ జారిపోయిందో కనిపెట్టి రిపోర్టు రాయడం. శిక్షణ ఇచ్చేది మాస్టారు. తెల్లబోర్డు ముందు నిలబడ్డాడంటే గుక్క తిప్పుకోకుండా మూడు గంటలు చెప్పగలడు. ఆయన క్లాసు జరిగినప్పుడల్లా మేడమ్ చివరి వరసలో గోడకి వీపు ఆనించుకుని కూర్చుంటుంది. మాస్టారి పదకొండేళ్ళ సర్వీసులో ఆయన్ని ఇంతలా ఏడిపించినవాళ్ళు ఇంకొకరు లేరు.

"అందరికీ అర్థమైందా?" అంటాడు మాస్టారు వేళ్ళకంటిన సిరా తుడుచుకుంటూ.

"అయ్యింది సార్!" అంటారు నలభై మందీ ఒక్క గొంతుతో.

"నాకు కాలేదండీ."

"ఏది కాలేదు మేడమ్?"

"అట్టపెట్టె మీద తేదీ వెయ్యమన్నారు. ఇవాళ్టి తేదీయా, మందు తయారైన రోజు తేదీయా?"

క్లాసంతా గొల్లుమంటుంది. మాస్టారు పళ్ళు నూరుకుంటూ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాడు. ఇంటికెళ్ళి భార్యతో, "ఆవిడ తలకాయలో ఉన్నది మెదడు కాదే, దూది" అంటాడు.

ఇలాంటి మనిషి టెలిఫోన్ బల్ల దగ్గర మొదలుపెట్టి సీనియర్ అనలిస్టు దాకా ఎలా ఎక్కిందని అడగొచ్చు. ప్రతి మెట్టు దగ్గరా దెబ్బలాడి ఎక్కింది. మొదటి ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, "వచ్చే అయిదేళ్ళలో మీరు ఎక్కడ ఉంటారనుకుంటున్నారు?" అని అడిగారట. "అర్థం కాలేదండీ. మీ ముగ్గురిలో ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో చెబితే ఆలోచిస్తాను" అంది. ముగ్గురూ కుర్చీల చేతులు గట్టిగా పట్టుకున్నారు కానీ, ఉద్యోగం మాత్రం ఇచ్చారు. మరోసారి పదోన్నతి ఇవ్వం పొమ్మన్నారు. "ఎందుకు ఇవ్వరో అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటూ ఆవిడ రోజూ వెళ్ళింది. ఏడో రోజుకి చెప్పేవాళ్ళకే కారణం గుర్తులేక ఇచ్చేశారు.

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళాయన దర్జీ, నెమ్మదస్థుడు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే, "టీ తాగుదామా?" అన్నాడు.

"అర్థం కాలేదు. నువ్వు పెడతావా, నన్ను పెట్టమంటున్నావా?"

ఆ మనిషి లేచి తనే పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళుగా పెడుతూనే ఉన్నాడు. దీన్ని మాత్రం మాస్టారు కూడా ఆవిడ తెలివితక్కువతనం కింద జమకట్టలేదు.

అగ్నిమాపక అధికారి వచ్చిన రోజు ఇంకా రసాభాస. ఎర్ర సిలిండరు ఒకటి చేత్తో పట్టుకుని, "ఈ పిన్ను లాగాలి, ఇది నొక్కాలి, మంట మొదట్లోకి కొట్టాలి. తెలిసిందా?" అన్నాడాయన. "పిన్ను లాగడం అర్థం కాలేదండీ, ఒకసారి లాగండి" అంది మేడమ్. ఆయన లాగాడు. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. అయినా రాలేదు. తొమ్మిదేళ్ళుగా అందరూ దాన్ని చూపించినవాళ్ళే కానీ లాగినవాళ్ళు లేరు, తుప్పు పట్టి కూర్చుంది. మర్నాడు కంపెనీలో సిలిండర్లన్నీ మార్చారు. ఆ ఘనత మేడమ్‌కి ఎవరూ ఇవ్వలేదు. పైగా, "పిన్ను లాగడం కూడా తెలియదట" అని క్యాంటీన్‌లో నెల రోజులు నవ్వుకున్నారు.

ఇంతలో శిక్షణ విభాగం అధిపతి రిటైరయ్యాడు. ఆ కుర్చీ మేడమ్‌కి కావాలి. మొహమాటం లేకుండా, దాపరికం లేకుండా కావాలి. ఇరవై ఆరేళ్ళు పనిచేసింది, ఆ విభాగంలో ఆవిడకంటే సీనియర్ లేరు. కొత్త ప్యాకింగ్ యంత్రం గురించి చెప్పడానికి బయటినుంచి ఒక నిపుణుణ్ణి పిలిచారు, వినడానికి ఛైర్మన్ గారే స్వయంగా వస్తున్నారు. ముందురోజు కంపెనీ మేనేజరు, అందరూ పెద్దసారు అనే ఆయన, మేడమ్‌నీ మాస్టారినీ గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, రేపు ఒక్క గంట నోరు మెదపకు. ఎల్లుండి ఆ కుర్చీ నీది. మెదిపావో, మరిచిపో."

"అర్థం కాలేదండీ."

"ఏది?"

"ఒక్క గంట మూగగా ఉంటే వచ్చేది శిక్షణ విభాగమేనా?"

పెద్దసారు ఆవిడకి దణ్ణం పెట్టి పంపించేసి, మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పక్కనే కూర్చో. లేవబోతే కాలు తొక్కెయ్."

సమావేశం హాలు మెట్లు మెట్లుగా కట్టినది. మాస్టారు చివరి వరసలో కూర్చోవడం అదే మొదటిసారి. బోర్డు దగ్గరనుంచి చూస్తే మొహాలు కనిపిస్తాయి, మొహాలన్నీ బుద్ధిగా తలలూపుతుంటాయి. ఇక్కడినుంచి చేతులు కనిపించాయి. కాగితాల మీద పెన్నులు గబగబా నడుస్తున్నాయి. నిపుణుడు ఎర్రదీపం సంగతి చెబుతుండగా, రెండు మెట్ల కింద ఒక పెన్ను ఆగిపోయింది. అది ప్యాకింగ్ హాలు పెద్దక్కది. సోమవారం నుంచి ఆ యంత్రం నడపాల్సింది ఆవిడే. పక్కవాళ్ళ కాగితంలోకి ఓరగా చూసి, సిగ్గుపడి, తల దించుకుంది.

"అందరికీ అర్థమైందా?"

"అయ్యింది సార్!" అందరికంటే గట్టిగా అన్నది పెద్దక్కే.

మేడమ్ లేవబోయింది. మాస్టారు కాలు తొక్కాడు.

"మాస్టారూ, నా కాలు తొక్కుతున్నారు" అంది ఆవిడ హాలంతా వినపడేలా, లేచి నిలబడి. "ఎర్రదీపం వెలిగితే ముందు మీట దించాలా, మూత తెరవాలా? నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అందరూ నవ్వారు. "ఇది చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది మేడమ్" అన్నాడు నిపుణుడు.

"నేను చిన్నపిల్లకంటే తక్కువే. చెప్పండి."

ఆయన చెప్పాడు, ఈసారి నెమ్మదిగా. ఎవరూ తనవైపు చూడని ఆ నిమిషంలో పెద్దక్క పెన్ను గబగబా కదిలింది.

మాస్టారు ఆ పెన్ను వంకా, మేడమ్ వంకా మార్చి మార్చి చూశాడు. అట్టపెట్టె తేదీ అడిగిన రోజు ఈవిడ ముందు ఎవరు కూర్చున్నారు? ఆ ముందు క్లాసులో? అంతకుముందు? ఎవరి పెన్ను ఆగితే వాళ్ళ ప్రశ్న ఈవిడ అడుగుతోంది, నవ్వులు తన నెత్తిన వేసుకుంటోంది. పదకొండేళ్ళు ఆ నవ్వుల్లో తనూ ఒక గొంతు కలిపినందుకు ఆయనకి తలెత్తబుద్ధి కాలేదు.

"ఎవరావిడ?" ఛైర్మన్ గారు అడగడం వినిపించింది. పెద్దసారు చెమట తుడుచుకుంటూ ఏదో గొణిగాడు.

నిపుణుడు మళ్ళీ అందుకున్నాడు. మూడు ఇంగ్లీషు అక్షరాల పొట్టిపేరు ఒకదాన్ని మాటకి ముందొకసారి, వెనకొకసారి వాడుతున్నాడు. ముందు వరసలో ఒక పెన్ను ఆగింది. బంగారు పెన్ను. అది ఛైర్మన్ గారిది.

మేడమ్ మళ్ళీ కదిలింది. ఆ కుర్చీ ఇప్పటికే సగం చేజారింది, ఇంకొక్క ప్రశ్న వేసిందంటే ఆశ పూర్తిగా వదులుకోవాల్సిందే. మాస్టారు ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టి, తను లేచాడు. ఆ మూడక్షరాలకీ అర్థం ఆయన ఎన్నో క్లాసుల్లో పాఠం చెప్పాడు.

"నాకు అర్థం కాలేదండీ. ఆ పొట్టిపేరు ఏమిటో మళ్ళీ చెప్పండి."

ఈసారి నవ్వులు మాస్టారి నెత్తిన పడ్డాయి. బరువుగానే ఉన్నాయి, కానీ మోయగలిగాడు. బంగారు పెన్ను చకచకా కదిలింది.

బయటికొచ్చాక మాస్టారు నిలదీశాడు. "అన్నీ తెలిసే ఇన్నాళ్ళూ నన్ను వేధించారా?"

"నేనడిగితే నవ్వి మరిచిపోతారు మాస్టారూ. వాళ్ళడిగితే పైవాళ్ళు రాసిపెట్టుకుంటారు. నాకు పదోన్నతి ఆలస్యమవుతుంది, వాళ్ళకి ఉద్యోగమే పోతుంది. అది చూస్తే నాకు ఒళ్ళుమండదూ?"

మర్నాడు పెద్దసారు ఇద్దరినీ పిలిచాడు. మొహం వేలాడేసుకుని, మేడమ్ వైపు తిరిగి ఒక కాగితం తీశాడు. "ఛైర్మన్ గారి సంతకం. ఎందుకు పెట్టారో నాకైతే తెలియదు. మిమ్మల్ని శిక్షణ విభాగం అధిపతిగా నియమించడమైనది."

మేడమ్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి."

మాస్టారు చప్పున గదంతా కలయజూశాడు. ఎవరి చేతిలోనూ పెన్ను లేదు. పెద్దసారు మళ్ళీ చదివాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

"ఇంకొక్కసారి, కాస్త గట్టిగా. ఇది నాకోసమండీ."