సదానందం మామకు ఫోటో కట్టిన కథ

మడికొండ సదానందానికి లోకంలో ఒక్క మాటే పడదు: ‘కొందాం’. ఆ మాట చెవిన పడితే తేలు కుట్టినట్టు ఎగురుతాడు. “కొనుడెందుకే? నేన్ చేస్త గద!” అంటాడు. బోరు మోటర్లకు వైండింగ్ చేసే చేతులు మరి, ఊరికే ఉండవు. ఆయన చేసిన కూలరు వేస్తే ఎదురింటి తీగ మీది బట్టలు కాజీపేటలో దొరికాయి. ఆయన చేసిన కాలింగ్ బెల్లు మోగితే వీధిలో సగం మంది ఆర్టీసీ బస్సు వచ్చిందని సంచులు సర్దుకున్నారు.

అట్లాంటి మనిషి చేతికి చిక్కింది, పోయిన మామ మొగిలయ్య ఫోటో పని.

మొగిలయ్య పోయి ఏడాది కావస్తోంది. పాలంపేటలో బామ్మర్ది హరికృష్ణ ఇంట్లో సంవత్సరీకం. దండ వేద్దామంటే ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఆయనది మరో ఫోటో లేదు. అత్త చిలుకమ్మ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

“గీయనెవలో నాకు తెల్వది. మా ఆయన నవ్వెటోడు. గీ దొంగమొఖానికి నేన్ దండెయ్య!”

సదానందం భార్య ప్రేమలతకు గుండెల్లో రాయి పడింది. చుట్టాలందరి ముందు అమ్మ దండ వెయ్యనంటే ఇంకేమన్నా ఉందా? “హన్మకొండ స్టూడియోల ఇస్తే జర నవ్వు పెట్టి ఫోటో కట్టిస్తరయ్యా. కొందాం.”

“కొనుడా?” అని లేచాడు సదానందం.

పేకముక్కల డబ్బా అంత కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించాడు. “గింతంత దాంట్ల కంప్యూటరా?” అని ప్రేమలత నోరు తెరిచింది. పాత లాప్‌టాప్ స్క్రీను ఊడబీకి, విరిగిన తలుపు చెక్కలో ఫోటో ఫ్రేములా బిగించాడు. వైర్లు సేమ్యాల్లా వేలాడాయి. మొదటి రోజు బొమ్మ తలకిందులుగా వచ్చింది. రెండో రోజు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జలజలా కారుతుంటే, ఏ దేవుడు పూనాడోనని ప్రేమలత చెప్పులు విడిచి దండం పెట్టింది. మూడో రోజు అంతా సక్కగా ఉంది గానీ, పది నిమిషాలకే స్క్రీను నిద్రపోయింది.

“అచ్చం మీ నాయిన తీర్గనే,” అన్నాడు.

నడుమ నడుమ పార్ట్స్ కోసమని బండేసుకుని పోయేవాడు. ఉత్త చేతులతో వచ్చేవాడు. ఒకరోజు చొక్కా విప్పుతుంటే జేబులోంచి గారె పడింది.

“పార్ట్స్ షాపుల బొబ్బెర గారెలు గూడ అమ్ముతాన్రా?”

“స్టేషన్ ఘన్‌పూర్ల మంచి షాపున్నది తియ్!”

సంవత్సరీకం నాడు ఇల్లంతా చుట్టాలు. సదానందం ఫ్రేమును గోడకు తగిలించి స్విచ్ వేశాడు. బొమ్మ ఇంకా రానేలేదు, హరికృష్ణ తొందరపడి దండ వేసేశాడు. అప్పుడు వెలిగింది తెర. దండ నడుమ బాసింగం కట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? సాక్షాత్తు హరికృష్ణే!

“బావా! బతికుండంగనే నా దండ నాతోనే ఏయిస్తివి గదనే!”

హరికృష్ణ భార్య స్నేహలత పెట్టిన కేకకు రామప్ప చెరువులో కొంగలు లేచాయి. ప్రేమలత కొంగు నోట్లో కుక్కుకుంది. “గందుకే కొందామన్న! ఇంటావయ్యా నువ్వు?”

“జర ఆగుండ్రి,” అన్నాడు సదానందం. “పెండ్లికొడుకును ముందు చూపియ్యకుంటే ఏ పెండ్లో ఎట్ల తెలుస్తది?”

బొమ్మ మెల్లగా జరిగింది. పెళ్లికొడుకును దాటి, పీటలు దాటి, వెనక మూలకు పోయి పెద్దదైంది. అక్కడ చేతిలో బకెట్టు, భుజాన తువాలు, నోరంతా నవ్వుతో మొగిలయ్య!

చుట్టాలంతా ముందుకు జరిగారు. ఇంకో ఫోటో, ఇంకెవరిదో పెళ్లి. బొమ్మ మళ్లీ జరిగింది. పందిరి గుంజ పక్కన మొగిలయ్య. ఇంకోటి. జాతర బస్సు కిటికీలో మొగిలయ్య. ఎనభై ఏడు ఫోటోలు! ఎన్నడూ నిలబడి ఫోటో దిగని మనిషి ఊరందరి ఆల్బముల్లోనూ మూలన ఉన్నాడు.

ఘన్‌పూర్ నుంచి వచ్చిన ప్రేమలత మేనత్త సోమక్క బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో, గిందుకేనా అల్లుడు మా ఆల్బములన్ని ఫోన్ల ఫోటోలు తీసుకపోయిండు! తలకాయ ఖరాబైందేమోనని గారెలు కట్టిచ్చిన!”

ప్రేమలత మొగుడి వైపు చూసింది. ఏ వైరూ వదులు కాకపోయినా ఆయన గోడవైపు తిరిగి వైర్లు బిగిస్తున్నాడు.

చిలుకమ్మ లేచి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి పోయింది. విందు ఫోటో వచ్చింది. మొగిలయ్య వంగి ఎవరి విస్తట్లోనో గరిటె నిండా మాంసం ముక్కలు వేస్తున్నాడు. ముసలమ్మ ఇప్పుడు ఏడుస్తుందని ఆడవాళ్లంతా కొంగులు సిద్ధం చేసుకున్నారు.

“అగో!” అని అరిచింది చిలుకమ్మ. “ముక్కలన్ని తమ్మునికే ఏస్తాండు చూడుండ్రి! గందుకే నాడు నాకు ఉత్త షేర్వ మిగిలింది! అల్లుడా, గా దండ తియ్, మొఖానికి అడ్డమస్తాంది. బొమ్మను గట్లనే ఆపు. నాకు ఆయనతోని మాట్లాడేదున్నది!”