వేలు పడ్డ పేజీ

విశ్వవిద్యాలయం లైబ్రరీ కింది గదిలో పాత పుస్తకాలు స్కాన్ చేసే ఆవిడను అందరూ వేలక్క అంటారు. చేరిన కొత్తలో ఒక పేజీతోపాటు ఆవిడ బొటనవేలు కూడా స్కానైపోయింది. అప్పట్నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది. పొద్దస్తమానం నిలబడి గాజుపలక ఎత్తుతుంది, పేజీ తిప్పుతుంది, పలక దించుతుంది. కొన్ని పుస్తకాలు మరీ పెళుసెక్కి, స్కానింగ్ అయ్యేసరికి ఆవిడ చేతుల్లోనే పొడైపోతాయి. ఇంతా చేస్తే, కాపీరైట్ తేలని పుస్తకానికి అట్ట తప్ప ఇంకేదీ లైబ్రరీ బయట ఎవరికీ కనబడదు. "వండి వార్చి వంటింటికి తాళం వేయడమేగా నా ఉద్యోగం" అని మెషీన్‌తో గొణుక్కుంటుంది.

మొన్న ఒక ముసలాయన వచ్చి తను రాసిన పుస్తకానికి కాపీ ఇమ్మన్నాడు. ఆయన దగ్గర ఒక్కటీ మిగల్లేదట. కంప్యూటర్లో వెతికితే దొరికింది గానీ, పక్కనే తాళం బొమ్మ. హక్కులన్నీ ఎప్పుడో ప్రచురణకర్తకు రాసిచ్చేశాడు. ఆ సంస్థ మూతపడింది, అనుమతి ఇచ్చే నాథుడు లేడు.

"రాసింది నేనేనమ్మా!"

"రాసింది మీరే బాబాయిగారూ, హక్కు మాత్రం మీది కాదు. ఇక్కడే కూర్చుని చదువుకోండి, అంతే."

ఆ మాట అంటుంటే ఆవిడకే ఒళ్లు మండింది. ఆయన తెర ముందు కూర్చుని చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. ఆవిడ వంగి చూసింది. అదే పేజీ, అదే వేలు.

"దీని కింద ఏం రాశానో గుర్తు రావడం లేదమ్మా. అసలు పుస్తకం ఒకసారి చూపిస్తావా?"

వేలక్క బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది.

"అది పొడైపోయింది బాబాయిగారూ."